ముందు మీ మందుల సంచి చూపించండి: పార్కిన్సన్స్ అపోహలు - వాస్తవాలు

నేను కదలికల జబ్బులు చూసే న్యూరాలజిస్టుని. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది జబ్బు పేరు ముందే తెలుసుకుని వస్తారు. "నాన్నగారికి చెయ్యి వణుకుతోందండీ, పార్కిన్సన్సట" అంటారు. అది నిజమో కాదో తేలాలంటే మనిషి నడక చూడాలి, వాడే మాత్రలు చూడాలి, ఒక్కోసారి ఇంట్లో పెళ్ళిళ్ళు ఎవరెవరి మధ్య జరిగాయో కూడా అడగాలి.

అపోహ: వణుకు ఉంటే పార్కిన్సన్స్, లేకపోతే కాదు

రెండూ తప్పే. పార్కిన్సన్స్ వణుకు చెయ్యి ఖాళీగా ఉన్నప్పుడు కనిపిస్తుంది. ఒళ్ళో పెట్టుకున్న చేతిలో బొటనవేలు, చూపుడువేలు మాత్రని నలుపుతున్నట్టు ఆడుతుంటాయి. గ్లాసు అందుకోగానే తగ్గుతుంది. అలాకాకుండా కాఫీ గ్లాసు ఎత్తగానే తొణుకుతుంటే, సంతకం పెట్టబోతే పెన్ను ఊగుతుంటే అది చాలాసార్లు ఎసెన్షియల్ ట్రెమర్ అనే వేరే జబ్బు. పార్కిన్సన్స్ కంటే ఇదే ఎక్కువమందికి ఉంటుంది. తరచూ ఇంట్లో ఇంకొకరికీ ఉంటుంది. దీనికి వాడే మందులు వేరు.

మరోవైపు, పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళలో దాదాపు నలుగురిలో ఒకరికి మొదట్లో వణుకే ఉండదు. పనులు నెమ్మదించడమే ఈ జబ్బుకి అసలు గుర్తు. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి చాలాసేపు పడుతుంది. నడుస్తుంటే ఒక పక్క చెయ్యి ఊగదు. రాత లైను చివరికి వచ్చేసరికి చీమల బారంత అవుతుంది. భుజం పట్టేసిందని నెలల తరబడి ఫిజియోథెరపీ చేయించుకుని, ఆ తర్వాత నా దగ్గరికి వచ్చినవాళ్ళు ఎంతోమంది. పోపులో ఇంగువ వాసన తెలియకపోవడం, మలబద్ధకం, నిద్రలో అరుస్తూ చేతులు విసరడం లాంటివి కొందరిలో ఏళ్ళ ముందే మొదలవుతాయి.

అపోహ: గ్యాస్ మాత్రలకీ వణుకుకీ సంబంధం లేదు

దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఇది మన చేతుల్లో ఉన్న విషయం.

ఒక పెద్దావిడని కొడుకు పట్టుకుని తీసుకొచ్చాడు. ముఖంలో కదలిక లేదు, అడుగులు చిన్నవైపోయాయి, రెండు చేతులూ ఒకేలా బిగుసుకున్నాయి. "అమ్మా, ఇంట్లో వేసుకునే మందులన్నీ తెచ్చారా?" అంటే చేతిసంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసి బల్ల మీద కుమ్మరించారు. బీపీవి, షుగరువి, మోకాళ్ళ నొప్పులవి. వాటి మధ్యలో సగం ఖాళీ అయిన గ్యాస్ క్యాప్సూల్ షీటు. "అది మామూలు గ్యాస్ బిళ్ళే సార్, ఏడాదిగా వేస్తున్నాం" అన్నాడు కొడుకు. షీటు తిప్పి చూస్తే ఎసిడిటీ మందు పేరు కింద చిన్న అక్షరాల్లో రెండో పేరు: లెవోసల్పిరైడ్.

మన కదలికలు సాఫీగా సాగాలంటే మెదడులో డోపమిన్ అనే రసాయనం పనిచేయాలి. పార్కిన్సన్స్‌లో దాన్ని తయారుచేసే కణాలు చచ్చిపోతాయి. లెవోసల్పిరైడ్ కణాలని చంపదు, డోపమిన్ అందాల్సిన చోట అడ్డం పడుతుంది. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి. వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్, కళ్ళు తిరుగుతున్నాయంటే ఇచ్చే సిన్నరిజిన్, మైగ్రేన్‌కి వాడే ఫ్లునరిజిన్ కూడా ఇలాంటి బిగుతు తేగలవు. ఆ క్యాప్సూల్ ఆపించాం. మూడు నెలలకి ఆవిడ ఎవరి సాయమూ లేకుండా నడిచి లోపలికి వచ్చారు. అందరికీ ఇంత బాగా తగ్గదు. కొందరిలో లోపల దాగున్న పార్కిన్సన్స్‌ని ఈ మందు ముందుగా బయటపెడుతుంది. మానసిక జబ్బులకి వాడే మందుల్లో చాలావాటికీ ఈ గుణం ఉంది, కానీ వాటిని సొంతంగా ఆపడం ప్రమాదం. రాసిన డాక్టరుతో మాట్లాడే మార్చుకోవాలి.

అపోహ: ఇవన్నీ ముసలితనపు జబ్బులు

పదిహేనేళ్ళ పిల్లవాడి చేతులు వణుకుతూ, మాట ముద్దగా వస్తూ, చొల్లు కారుతుంటే ఇంట్లోవాళ్ళు దిష్టి అనో, చదువు టెన్షన్ అనో అనుకుంటారు. అక్కడ ముందు వెతకాల్సింది విల్సన్ వ్యాధి. ఒంట్లోని రాగిని బయటికి పంపే జన్యువు పాడై, ఆ రాగి లివర్‌లో, మెదడులో పేరుకుపోతుంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ పాడైన జన్యువు వస్తేనే జబ్బు వస్తుంది. మేనరికాల్లో ఇద్దరికీ ఒకే తాతల నుంచి అదే జన్యువు వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టే మన రెండు రాష్ట్రాల్లో నేను మేనరికమా అని తప్పకుండా అడుగుతాను. తల్లిదండ్రులని తప్పుపట్టడానికి అడగను. అన్నదమ్ములకీ అక్కచెల్లెళ్ళకీ పరీక్ష చేయించాలి కాబట్టి అడుగుతాను, వాళ్ళలో ఒక్కొక్కరికీ నాలుగింట ఒక వంతు ముప్పు ఉంటుంది. కంటి డాక్టరు స్లిట్ ల్యాంప్‌తో చూస్తే నల్లగుడ్డు అంచున గోధుమరంగు వలయం కనిపించవచ్చు. రక్తంలో రాగిని మోసే ప్రొటీన్ సెరులోప్లాస్మిన్, 24 గంటల మూత్రంలో రాగి చూస్తాం. త్వరగా పట్టుకుంటే పెనిసిలమిన్, జింక్ లాంటి మందులతో పిల్లలు మామూలుగా చదువుకుంటారు. మందు మాత్రం జీవితాంతం వేసుకోవాలి. ఆ ఇంట్లో రాగి చెంబు నీళ్ళు మానేయమంటాను.

అపోహ: ఏ దేశంలోనైనా పార్కిన్సన్స్ ఒకటే

అమెరికాలో ఉన్న పిల్లలు ఉమ్మి నమూనాతో జన్యుపరీక్ష చేయించుకుని "నాకు రిస్క్ లేదని వచ్చింది" అంటారు. అలాంటి పరీక్షల్లో చూసే ముఖ్యమైన మార్పు ఎల్ఆర్ఆర్‌కె2 జన్యువులో ఉంటుంది. అది ఉత్తర ఆఫ్రికా అరబ్బుల్లో, అష్కెనాజీ యూదుల్లో ఎక్కువ, భారతీయుల్లో చాలా అరుదు. మనవాళ్ళకి అది లేదని తేలడంలో భరోసా ఏమీ లేదు. నైజీరియా రోగుల్లో జీబీఏ1 జన్యువులో వేరే మార్పు ఉందని 2023లో గానీ తెలియలేదు, అంతకుముందు ఆ జనాభాని వెతికినవాళ్ళే తక్కువ. మన దేశంలో ముంబయి పార్సీల్లో 1980లలో చేసిన సర్వేలో లక్షకి 328 మందికి ఈ జబ్బు కనిపించింది. ఆ సమాజంలో వృద్ధులు ఎక్కువగా ఉండటం దానికి ఒక కారణం.

కరీబియన్ దీవి గ్వాడెలూప్ సంగతి మనకి దగ్గరిది. అక్కడ పార్కిన్సన్స్‌కి ఇచ్చే ముఖ్యమైన మందు లెవోడోపాకి లొంగని పార్కిన్సన్స్ లాంటి జబ్బు చాలామందిలో ఉందని 1999లో బయటపడింది. అనుమానం లక్ష్మణ ఫలం మీదికి వెళ్ళింది, అక్కడ ఆ పండు తింటారు, ఆకుల కషాయం తాగుతారు. అందులోని అన్నోనాసిన్ అనే పదార్థం నాడీకణాలకి హాని చేస్తుందని ప్రయోగాల్లో చూశారు. కారణం అదేనని పూర్తిగా రుజువు కాలేదు. అయినా క్యాన్సర్ తగ్గుతుందంటూ అదే ఆకుల టీ మనవాళ్ళు రోజూ తాగుతుంటే నాకు భయం వేస్తుంది. మానేయమనే చెప్తాను.

అపోహ: లెవోడోపా ఇప్పుడే వాడేస్తే తర్వాత పనిచేయదు

ఈ భయంతో లేవలేక, పక్కకి తిరగలేక ఏళ్ళు గడిపేవాళ్ళని చూస్తే బాధగా ఉంటుంది. ఘనాలో మందు దొరకక సగటున నాలుగేళ్ళకి పైగా ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్ళనీ, ఇటలీలో దాదాపు రెండున్నరేళ్ళకే మొదలుపెట్టినవాళ్ళనీ పోల్చి 2014లో ఒక అధ్యయనం వచ్చింది. మందు ప్రభావం మధ్యలో దిగిపోవడం, ఒళ్ళు అదుపు లేకుండా మెలికలు తిరగడం రెండుచోట్లా జబ్బు వయసు ఇంచుమించు అంతే అయ్యాక మొదలయ్యాయి. ఆలస్యం చేసినందుకు ఘనావాళ్ళకి ఒరిగిందేమీ లేదు.

"మాత్ర పనిచేయట్లేదు" అంటే నేను ముందు అడిగేది దేంతో వేసుకుంటున్నారని. పెసరట్టుతోనో, పాలతోనో వేసుకుంటే అందులోని ప్రొటీన్ మందుతో పోటీపడి దాన్ని లోపలికి చేరనివ్వదు. తిండికి అరగంట, వీలైతే గంట ముందు నీళ్ళతో వేసుకోండి.

దూలగొండి పొడి అడిగేవాళ్ళూ ఉన్నారు. అందులో ఉన్నదీ లెవోడోపానే, మన శాస్త్రవేత్తలు 1937లోనే ఆ గింజల నుంచి వేరుచేశారు. కాకపోతే చెంచాలో ఎంత మందు ఉందో తెలియదు, వికారాన్ని తగ్గించే కార్బిడోపా అందులో ఉండదు. మాత్రతోపాటు వేసుకుంటే డోసు ఎక్కువైపోతుంది.

ఆపరేషన్‌కో జ్వరానికో ఆసుపత్రిలో చేరాల్సి వస్తే మాత్రల టైములు కాగితం మీద రాసి నర్సుకి ఇవ్వండి, ఒక్కసారిగా ఆగిపోకూడదు. వాంతులకి ఇంజెక్షన్ తెస్తే "పార్కిన్సన్స్ ఉంది, మెటోక్లోప్రమైడ్ వద్దు" అని చెప్పండి. డోంపెరిడోన్ మెదడులోకి పెద్దగా వెళ్ళదు, గుండె ఇబ్బంది లేకపోతే దాని గురించి అడగండి.