తెఫిలిన్ వివాదం: తోరాకు వివరణా, చేర్పా?

తాను ఇచ్చిన ఆజ్ఞలకు ఏమీ కలపకూడదనీ, వాటిలోనుంచి ఏమీ తీసివేయకూడదనీ యూదుల ధర్మశాస్త్రమైన తోరా ద్వితీయోపదేశకాండం 4వ అధ్యాయంలో శాసిస్తుంది. అదే కాండం 17వ అధ్యాయం, చిక్కు వ్యాజ్యాల్లో యాజకులూ న్యాయాధిపతీ చెప్పిన తీర్పునుంచి కుడికిగాని ఎడమకుగాని తొలగరాదని చెబుతుంది. తరవాతి బోధలూ పవిత్ర వస్తువులూ తోరాకు అనుగుణమా కాదా అని యూదులు శతాబ్దాలుగా చేసిన వాదం ఈ రెండు ఆజ్ఞల నడుమనే సాగింది. అది అత్యంత స్పష్టంగా కనిపించేది తెఫిలిన్ విషయంలో.

తెఫిలిన్ అంటే నల్లని తోలుపెట్టెలు రెండు. సాధారణంగా ఒకటి ఎడమచేతి కండమీద గుండెవైపుకు, మరొకటి తలమీద జుట్టు మొదలయ్యేచోట కట్టుకుంటారు. తోరాలోని నాలుగు భాగాలను చేతిపెట్టెలో ఒకే చర్మపత్రంమీద, తలపెట్టెలో నాలుగు అరల్లో వేరువేరు పత్రాలమీద రాసి ఉంచుతారు. తోరాలో ఉన్నది మాత్రం ఈ మాటలను చేతికి సూచనగా కట్టుకోవాలనీ, తెలుగు బైబిలు మాటల్లో అవి కన్నుల నడుమ ‘బాసికమువలె’ ఉండాలనీ. పెట్టె, నలుపు, నాలుగు అరలు అందులో లేవు.

ఆచారం పాతదే. మృతసముద్ర తీరంలోని కుమ్రాన్ గుహల్లో దాదాపు రెండు వేల ఏళ్లనాటి తెఫిలిన్ దొరికాయి. కొన్నిటిలో పది ఆజ్ఞలు కూడా ఉండటాన్నిబట్టి లోపల ఏం రాయాలన్నది అప్పటికింకా స్థిరపడలేదని తెలుస్తుంది. క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన, రబ్బీలనే యూదు మతపండితుల బోధల సంకలనమైన మిష్నా, పండితుల మాటకు మించి అయిదు అరలు ఉండాలని బోధించిన ధిక్కార పండితుణ్ణి దోషిగా ఎంచింది. అంటే చేర్పుకు హద్దు గీయాలన్న పట్టుదల రబ్బీలకూ ఉండేది.

8వ శతాబ్దంలో బాగ్దాదు ప్రాంతంలో అనాన్ బెన్ దావీదు లేవదీసిన తిరుగుబాటుతో ముడిపడిన, రబ్బీల సంప్రదాయాన్ని ఒప్పుకోని యూదు వర్గమైన కరాయీలు ఈ హద్దుతో తృప్తిపడలేదు. ఉపదేశాన్ని హృదయమనే పలకమీద రాసుకొమ్మన్న సామెతల గ్రంథంలోని మాట ఎలా అలంకారమో, చేతికి కట్టుకొమ్మన్నదీ అలాంటిదేనన్నారు. ఇజ్రాయెల్‌లోని రమ్లాలో ఉన్న కరాయీలు నేటికీ తెఫిలిన్ లేకుండానే ప్రార్థిస్తారు. రబ్బీల పక్షాన పండితుడు సాదియా గావోన్ 10వ శతాబ్దంలో కరాయీలపై ఖండనలు రాశారు. విశేషమేమిటంటే, రబ్బీల సంప్రదాయంలోనే పెరిగిన, ప్రసిద్ధ తోరా వ్యాఖ్యాత రషీ మనవడు రష్బామ్ కూడా 12వ శతాబ్దంలో, నిర్గమకాండం 13వ అధ్యాయంలోని ఆ వాక్యానికి సాదా అర్థం ‘చేతిమీద రాసినట్టు ఎప్పుడూ జ్ఞాపకం ఉండాలి’ అనేనని వ్యాఖ్యానించారు. వాక్యార్థం, ఆచారం వేరు కావచ్చునని లోపలివారే ఒప్పుకోగలిగిన ఈ నిజాయితీ నాకు ఎంతో విలువైనదిగా తోస్తుంది.

బోధల సంగతిలో బలమైన సమాధానం 12వ శతాబ్దపు యూదు పండితుడు మైమోనిడీస్‌ది. కోడిమాంసాన్ని పాలతో తినడం తోరాయే నిషేధించిందని బోధిస్తే అది చేర్పు. తోరా అనుమతించినా, పొరపాట్లకు తావివ్వకూడదని మేమే నిషేధిస్తున్నామని చెబితే చేర్పు కాదు. అధికారం ఎవరిదో దాచకపోవడమే ఇక్కడ గీటురాయి.

వస్తువులకు గీటురాయి వేరు. మోషే దేవుని ఆజ్ఞప్రకారమే చేయించిన ఇత్తడి సర్పానికి జనం ధూపం వేయసాగినప్పుడు యూదా రాజు హిజ్కియా దాన్ని ముక్కలు చేయించాడు. గుమ్మానికి బిగించే, తోరా వాక్యాలు రాసిన చర్మపత్రమైన మెజూజా లోపల దేవదూతల పేర్లు రాసేవారిని మైమోనిడీస్ అంతే తీవ్రంగా ఖండించారు. దేవుని ఏకత్వాన్నీ ఆయనపట్ల ప్రేమనూ గుర్తుచేయవలసిన ఆజ్ఞను వారు సొంత లాభానికి తాయెత్తుగా మార్చుకున్నారన్నదే ఆయన అభియోగం.