ప్రాథమిక గణితం, వేసవి శిక్షణ: అపోహలు – వాస్తవాలు

మే నెలలో శిక్షణ ఉత్తర్వులు రాగానే టీచర్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే చర్చ. నల్గొండ జిల్లాలో మండల రిసోర్స్ పర్సన్‌గా (మండలంలో తోటి టీచర్లకు శిక్షణ ఇచ్చే టీచరుగా) ఎస్జీటీలకు, అంటే ప్రాథమిక బళ్లలో చెప్పే సెకండరీ గ్రేడ్ టీచర్లకు, గణితం సెషన్లు తీసుకుంటుంటాను. ఏటా వినిపించే మాటల్లో కొన్నింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: ఒకటి నుంచి ఐదు తరగతుల లెక్కలకు శిక్షణ ఎందుకు? కూడికలు, తీసివేతలు మాకు రావా?

వాస్తవం: ఎందుకు రావు? కాకపోతే లెక్క చేయడం వేరు, పిల్ల ఎక్కడ తప్పిందో పట్టుకోవడం వేరు. మూడో తరగతి పిల్ల 52లోంచి 27 తీసేసి 35 అని రాసిందనుకోండి. ఎర్రపెన్నుతో ఇంటూ కొట్టి పక్కన 25 వేస్తే ఆ పిల్లకు ఏం తెలుస్తుంది? నోట్‌బుక్ కాసేపు చూడండి. 2లోంచి 7 పోదు కాబట్టి 7లోంచే 2 తీసి 5 వేసింది. తర్వాత 5లోంచి 2 తీసి 3 వేసింది. అంటే తీసివేత వచ్చు. ఎటున్నా సరే పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీయాలని తనే ఒక రూలు పెట్టుకుంది. అనుమానంగా ఉంటే 41లోంచి 18 తీయమనండి, 37 రాస్తుంది.

ఇప్పుడు చీపురు పుల్లలు పదేసి చొప్పున ఐదు కట్టలు కట్టి, విడిగా రెండు పుల్లలు చేతికివ్వండి. ముందు ఏడు పుల్లలు ఇవ్వమని అడగండి. రెండే ఉన్నాయి. కొంచెం తటపటాయించి "కట్ట ఇప్పాల్నా సార్?" అంటుంది. మీరు చెప్పాల్సింది ఆ పిల్లే చెప్పేసింది. కట్ట విప్పితే చేతిలో 12 పుల్లలు, పక్కన నాలుగు కట్టలు. పలక మీద 5 కొట్టేసి 4 ఎందుకు రాస్తామో అప్పుడు చూపించండి. విషయం తెలియడం వేరు, దాన్ని పిల్లలకు అందించడం తెలియడం వేరని అమెరికా విద్యావేత్త లీ షుల్మన్ 1986లోనే చెప్పారు. మన సెషన్లలో ఎక్కువ సమయం ఈ రెండో దానికే పోవాలి.

అపోహ: పుల్లలు, చింతగింజలు టైంపాస్. ఎక్కాలు బట్టీ పట్టిస్తే చాలు.

వాస్తవం: ఎక్కాలు నోటికి రావాల్సిందే. కానీ 408ని 4తో భాగించి 12 అని రాసే పిల్లవాడికి నాలుగో ఎక్కం బాగానే వచ్చు. పదుల స్థానంలో సున్నా వేయాలని తెలియదు, అంతే. అది స్థానవిలువ సమస్య, ఎక్కం ఎన్నిసార్లు చదివించినా తీరదు. అలాగని ఏడాదంతా చింతగింజల దగ్గరే ఆగిపోవడమూ తప్పే. వస్తువుల నుంచి బొమ్మలకు, బొమ్మల నుంచి అంకెలకు వెళ్లాలి. గింజలు ఎప్పుడు పక్కన పెట్టాలో నేర్పని శిక్షణ సగం శిక్షణే అంటాను.

అపోహ: అక్కడ చెప్పేవన్నీ తరగతికో టీచర్ ఉన్న బళ్లకే.

వాస్తవం: ఈ మాటలో న్యాయం ఉంది. దేవరకొండ, చందంపేట వైపు తండా బళ్లలో ఒక్క టీచరే అన్ని తరగతులూ చూస్తారు. పిల్లలు ఇంట్లో లంబాడీ మాట్లాడతారు. పాలమూరు వైపు బళ్లలోనైతే అమ్మానాన్నలతో వలస పోయి, ఏడాది మధ్యలో తిరిగొచ్చే పిల్లలుంటారు. అలాంటి చోట తరగతిని బట్టి కాదు, పిల్లల స్థాయిని బట్టి గుంపులు చేయాలి. చదవడం, రాయడం, లెక్కల పునాది కోసం తెలంగాణ బళ్లలో 2022 ఆగస్టులో మొదలైన తొలిమెట్టు కార్యక్రమం చెప్పిందీ ఇదే. ఒక గుంపు కట్టలు కడుతుంటే రెండోది చతుర్విధ ప్రక్రియలు (కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం) చేస్తుంది. మూడోది కిలో పల్లీల ధర పెట్టి రాతలెక్కలు తయారు చేస్తుంది. సెషన్‌లో ఏకోపాధ్యాయ బడి ఊసే రాకపోతే లేచి అడగండి. చెప్పాల్సిన బాధ్యత మాదే.

అపోహ: సెలవుల్లో పిలవడమే అన్యాయం.

వాస్తవం: బడి రోజుల్లో పిలిస్తే ఏకోపాధ్యాయ బడికి తాళం పడుతుంది. అందుకే వేసవి. అయితే పొద్దున పూటే సెషన్లు, చల్లటి నీళ్లు, చంటిబిడ్డల తల్లులకు దగ్గర్లో కేంద్రం అడగడం టీచర్ల హక్కు.

అపోహ: వేసవిలో అయిపోతే ఇక అయిపోయినట్టే.

వాస్తవం: కాదు. జాతీయ విద్యా విధానం 2020 ఏడాదికి కనీసం 50 గంటల శిక్షణ ఉండాలంటోంది. వేసవి రోజులతో అది పూర్తి కాదు. మిగతాది కాంప్లెక్స్ సమావేశాల్లో, అంటే చుట్టుపక్కల బళ్ల టీచర్లు కలిసే సమావేశాల్లో, జరగాలి. వచ్చేటప్పుడు తప్పులున్న నోట్‌బుక్కులు రెండు మూడు పట్టుకురండి. పిల్లల పేర్లు కనపడకుండా కాగితం అంటించండి. బోర్డు మీద లెక్క వేసి, ఆ జవాబు ఎలా వచ్చిందో అందరం కలిసి చూద్దాం.