‘నుంచి’కి ఇంగ్లీషులో ఏమంటారు?

పోయిన నెలలో ఒక నర్సు కళ్లనీళ్లతో నా దగ్గరికి వచ్చింది. మూడేళ్లుగా ఐసీయూలో పని చేస్తున్న అమ్మాయి. విదేశంలో ఉద్యోగం కోసం ఫోనులో ఇంటర్వ్యూ జరిగింది. ఐసీయూలో ఎంతకాలంగా చేస్తున్నారని అడిగితే ‘ఫ్రమ్ త్రీ ఇయర్స్’ అని చెప్పింది. అవతలి ఆవిడకు అర్థం కాక మళ్లీ అడిగింది. జవాబు తప్పేమోనని ఈ అమ్మాయి కంగారుపడి ‘ఐ వర్క్‌డ్ త్రీ ఇయర్స్’ అని మార్చింది. ‘మరి ఎందుకు మానేశారు?’ అన్నది వెంటనే వచ్చిన ప్రశ్న. ఇక నోట మాట రాలేదు. వెంటిలేటర్ మీదున్న రోగిని రాత్రంతా కనిపెట్టుకుని ఉండే మనిషి ఒక్క ‘నుంచి’ దగ్గర ఆగిపోయింది.

ఆమె నోటుపుస్తకం చూశాను. పేజీ మధ్యలో స్కేలు పెట్టి గీసిన గీత. ఎడమవైపు తెలుగు, కుడివైపు ఇంగ్లీషు. అందులో ‘నుంచి’కి ఎదురుగా ‘ఫ్రమ్’ అని ఎర్ర సిరాతో రాసి ఉంది. ఇంగ్లీషు చెప్పడం మొదలుపెట్టి 18 ఏళ్లయింది. ఈ గీత లేని నోటుపుస్తకం నాకు అరుదుగా కనిపిస్తుంది.

అపోహ: ప్రతి తెలుగు మాటకూ సరిగ్గా ఒక ఇంగ్లీషు మాట ఉంటుంది. రోజుకు పది కంఠస్థం చేస్తే ఏడాదిలో భాష వచ్చేస్తుంది.

వాస్తవం: రాదు. జనం డబ్బునూ ఏళ్లనూ అన్నిటికంటే ఎక్కువగా తినేసేది ఈ నమ్మకమే. ఆ ‘నుంచి’నే తీసుకోండి. ‘గుంటూరు నుంచి వచ్చాను’ అన్నప్పుడు అది ‘ఫ్రమ్’. ‘2019 నుంచి ఇక్కడే ఉన్నాను’ అన్నప్పుడు ‘సిన్స్’, ఎందుకంటే అక్కడ చెబుతున్నది మొదలైన క్షణం. ‘మూడేళ్ల నుంచి ఇక్కడే ఉన్నాను’ అన్నప్పుడు ‘ఫర్’, ఎందుకంటే అక్కడ చెబుతున్నది గడిచిన కాలం కొలత. ‘రేపటి నుంచి వస్తాను’ అంటే మళ్లీ ‘ఫ్రమ్’. మనం ఒకే మాటతో నడిపించే పనిని వాళ్లు మూడింటికి పంచారు. క్రియ సంగతి కూడా అంతే. ‘మూడేళ్లుగా చేస్తున్నాను’లోని ‘చేస్తున్నాను’ను చూసి ‘ఐ యామ్ వర్కింగ్’ అనేస్తాం. మొదలై ఇంకా సాగుతున్న పనికి ఎంతకాలమో చెప్పేటప్పుడు ఇంగ్లీషులో ‘ఐ హావ్ బీన్ వర్కింగ్’ అనాలి. ‘వర్క్‌డ్’ అన్నారంటే ఆ పని ముగిసిపోయినట్టే వింటారు. ఆ నర్సు విషయంలో జరిగింది అదే.

‘సందేహం’ ఇంకా ప్రమాదకరం. తెలియనిది అడిగినా సందేహమే, నమ్మకం కుదరకపోయినా సందేహమే. అందుకే మన తరగతి గదుల్లో అడిగే ప్రతి ప్రశ్నా ‘డౌట్’ అయిపోయింది. ఇక్కడ అందరికీ అర్థమవుతుంది కాబట్టి ఇబ్బంది లేదు. నా దగ్గర చదువుకున్న ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడు మాత్రం అమెరికా క్లయింటుకు ‘మీ డిజైన్‌లో నాకొక డౌట్ ఉంది’ అన్న అర్థంలో ఉత్తరం రాశాడు. అవతలి వ్యక్తి దాన్ని ‘మీ డిజైన్ మీద నాకు నమ్మకం లేదు’ అని చదువుకున్నాడు. రెండు రోజులు ముభావంగా ఉన్నాడట. ‘క్వశ్చన్’ అని రాసి ఉంటే పది నిమిషాల్లో తేలిపోయే పని.

ఇది మీ తెలివితక్కువతనం కాదు, దయచేసి అలా అనుకోకండి. ‘మనం’, ‘మేము’ రెండింటికీ ఇంగ్లీషులో ఉన్నది ఒక్క ‘వీ’. మన పెదనాన్న కొడుకు, మేనత్త కొడుకు, పిన్ని కూతురు అందరూ అక్కడ ‘కజిన్’లే. తెలుగు నేర్చుకునే ఇంగ్లీషువాళ్లూ ఇలాగే తికమకపడతారు.

అందుకే నోటుపుస్తకంలో ఆ గీత చెరిపేయమంటాను. మాటను ఒంటరిగా రాసుకోవద్దు, మీ జీవితంలోని వాక్యంలో పెట్టి రాసుకోండి. ‘సిన్స్ అంటే నుంచి’ అని కాకుండా, మీరు ఉద్యోగంలో చేరిన సంవత్సరం వేసి ఒక వాక్యం, ఎన్నేళ్లయిందో చెబుతూ ‘ఫర్’తో ఒక వాక్యం. రోజుకు పది అక్కర్లేదు, రెండు చాలు. ఆ నర్సు ఇప్పుడు అలాగే రాస్తోంది.

మిగిలినవి త్వరగా చెప్పేస్తాను.

అపోహ: పెద్ద మాటలు వాడితే గొప్ప ఇంగ్లీషు. కాదు. ‘స్టార్ట్’ సరిపోయే చోట ‘కమెన్స్’ పెడితే వినేవాడికి శ్రమ తప్ప మీకు మార్కులు రావు.

అపోహ: ‘ప్రీపోన్’ (అనుకున్న సమయం కంటే ముందుకు జరపడం) అసలు ఇంగ్లీషే కాదు. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు దాన్ని భారతీయ ప్రయోగంగా చేర్చుకుంది. ఇక్కడ నిస్సంకోచంగా వాడండి. బయటివాళ్లతో ‘బ్రింగ్ ఫార్వర్డ్’ అంటే తొందరగా అర్థమవుతుంది.

అపోహ: ‘న్యూస్’ అంటే నాలుగు దిక్కుల మొదటి అక్షరాలు. ఇది ఫోనులో నాకు ఎన్నిసార్లు వచ్చిందో! ‘న్యూ’ అంటే కొత్త, ‘న్యూస్’ అంటే కొత్త సంగతులు, అంతే. ఇలాంటివి పంపడం ఆపి, ఆ మాట బహువచనంలా కనిపించినా పక్కన ‘ఈజ్’ వస్తుందన్న సంగతి పంపితే పదిమందికి పనికొస్తుంది.

అపోహ: ఎ, ఇ, ఐ, ఓ, యు అక్షరాల ముందు ‘యాన్’ రావాలి. చూడాల్సింది అక్షరం కాదు, ధ్వని. ఆ మాటను తెలుగులో రాసి చూడండి. గంట అనే అర్థంలోని ‘అవర్’ అచ్చుతో మొదలైంది, కాబట్టి ‘యాన్’. ‘యూనివర్సిటీ’ హల్లుతో మొదలైంది, కాబట్టి ‘ఎ’. యాపిల్, యాక్టర్ వంటి వాటి దగ్గర మాత్రం జాగ్రత్త: మనం ‘యా’ అని రాస్తున్నా ఇంగ్లీషులో అక్కడ పలికేది అచ్చే.

ఇక ప్రతి బ్యాచ్‌లోనూ మొదటి వారంలోనే ఎవరో ఒకరు లేచి అడిగే ప్రశ్న: ‘అబ్దుల్ కలాం మన దేశానికి ఎన్నో రాష్ట్రపతి?’ అని ఇంగ్లీషులో ఎలా అడగాలి? ‘ఎన్నో’కు మాట చెప్పలేని టీచరుకు ఇంగ్లీషు రాదని ఊళ్లో ప్రచారం కూడా చేస్తారు. దానికి సరిసమానమైన, అందరూ వాడే ఒక్క మాట ఇంగ్లీషులో లేదు. ‘వాట్ నంబర్ ప్రెసిడెంట్’ అనో, ఆయనకు ముందు ఎంతమంది అనో తిప్పి అడుగుతారు. జవాబు మాత్రం సులువు, 11వ రాష్ట్రపతి.