తప్పు జవాబు వెనక ఆలోచన

టెట్, డీఎస్సీకి చదివినవాళ్లెవరికీ, పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో పరిశోధించిన పియాజే పేరు కొత్త కాదు. ఇంద్రియ చాలక దశ, పూర్వ ప్రచాలక దశ, మూర్త ప్రచాలక దశ, నియత ప్రచాలక దశ అంటూ ఏ వయసుకు ఏ దశో బట్టీ పడతారు, పరీక్ష రాస్తారు, మరిచిపోతారు. ఆ పట్టిక మరిచిపోయినా పెద్ద నష్టం లేదు. పియాజే పిల్లల్ని ఎలా ప్రశ్నించారో మాత్రం టీచర్లే కాదు, అమ్మానాన్నలూ తెలుసుకోవాలి.

జీన్ పియాజే 1896లో స్విట్జర్లాండ్‌లో పుట్టారు. నత్తల మీద పరిశోధించి డాక్టరేట్ తీసుకున్నారు. ఆ తర్వాత పారిస్ వెళ్తే, ఆల్ఫ్రెడ్ బినేతో కలిసి తెలివితేటల పరీక్ష తయారుచేసిన థియోడోర్ సిమోన్ ఆయనకో పని అప్పజెప్పారు. ఇంగ్లండ్‌లో రాసిన ప్రశ్నల్ని పారిస్ బడిపిల్లలకు ఇచ్చి, ఏ వయసువాళ్లు ఎన్ని సరిగ్గా చెబుతారో లెక్కకట్టాలి. విసుగు పుట్టించే పనే. కానీ పియాజే కన్ను తప్పు జవాబుల మీద పడింది. ఒకే వయసు పిల్లలు ఇంచుమించు ఒకే రకం తప్పులు చేస్తున్నారు. అంటే నోటికొచ్చింది చెప్పేయడం లేదు, వాళ్ల ఆలోచనకు ఒక తీరు ఉంది. దాంతో ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, ఎందుకలా అనుకున్నావని అడగడం మొదలుపెట్టారు. 1921లో జెనీవా చేరాక జీవితాంతం అదే పని.

ఆయన ప్రయోగాల్లో బాగా పేరొచ్చినదాన్ని ఇంట్లోనే చేసి చూడొచ్చు. ఒకేలాంటి రెండు గ్లాసుల్లో సమానంగా నీళ్లు పోసి నాలుగేళ్ల పాపకు చూపించండి. రెండూ ఒకటేనంటుంది. ఇప్పుడు తన కళ్లముందే ఒక గ్లాసులోని నీళ్లను సన్నటి, పొడుగాటి సీసాలోకి ఒంపి, దేన్లో ఎక్కువున్నాయో అడగండి. సీసాలోనే అంటుంది. ఎందుకని అడిగితే, నీళ్లు పైదాకా వచ్చాయి కదా అంటుంది. తిరిగి గ్లాసులో పోస్తే మళ్లీ సమానమే అంటుంది. ఈ రెండు మాటలకూ పొంతన కుదరలేదన్న ఇబ్బందే తనకు ఉండదు. ఎత్తు మీద దృష్టి పెట్టినప్పుడు వెడల్పు లెక్కలోకి రాదు. ఏడేళ్లొచ్చేసరికి అదే పాప, "నువ్వేం కలపలేదు, తీయలేదు, ఎక్కువెలా అవుతాయి?" అని మనల్నే నిలదీస్తుంది. ఇది ఎవరో పాఠం చెబితే వచ్చేది కాదని, ఒంపుతూ, పేరుస్తూ, పడగొడుతూ పిల్లలు తమంతట తాము కట్టుకునే జ్ఞానమని పియాజే వాదన.

అయితే అడిగే తీరులోనే ఒక చిక్కుంది. 1974లో జేమ్స్ మెక్‌గారిగిల్, మార్గరెట్ డొనాల్డ్‌సన్ అనే పరిశోధకులు నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లల ముందు బిళ్లల్ని రెండు సమాన వరసలుగా పేర్చారు. ఒక వరసను పెద్దవాళ్లు కావాలని జరిపి, రెండింట్లో బిళ్లలు సమానమేనా అని మళ్లీ అడిగితే, దాదాపు ఆరుగురిలో ఒకరే సమానమని చెప్పారు. అదే పని పెట్టెలోంచి వచ్చిన ఒక అల్లరి ఎలుగుబంటి బొమ్మ చేస్తే పదిమందిలో ఆరుగురు సరిగ్గా చెప్పారు. పెద్దాయన ఏదో మార్చి, అడిగిందే మళ్లీ అడుగుతున్నాడంటే జవాబు మారాలి కాబోలు అని పిల్లలు అనుకుని ఉంటారు. మన క్లాసుల్లో చూడండి. టీచర్ "మళ్లీ చెప్పు, ఎంత?" అని గొంతు పెంచగానే సరైన జవాబు చెప్పిన పిల్లాడు కూడా టెన్షన్‌తో మార్చేస్తాడు. ఎప్పుడూ తప్పు పిల్లాడి బుర్రదే అనుకోవడం అన్యాయం.

పియాజే పుట్టిన ఏడాదే ఇప్పటి బెలారస్‌లో మరో మనస్తత్వవేత్త లెవ్ వైగాట్‌స్కీ పుట్టారు. క్షయతో 1934లో, 37 ఏళ్లకే పోయారు. ఆయన చెప్పిన ఉదాహరణ నాకు చాలా ఇష్టం. ఇద్దరు పిల్లలు. సొంతంగా చేస్తే ఇద్దరూ ఎనిమిదేళ్ల స్థాయి లెక్కల దగ్గరే ఆగుతారు. మొదటి మెట్టు చూపించి, చిన్న చిన్న ప్రశ్నలతో కాస్త దారిలో పెడితే ఒకరు పన్నెండేళ్ల స్థాయి దాకా వెళ్తారు, మరొకరు తొమ్మిది దగ్గరే ఆగుతారు. మన ప్రోగ్రెస్ కార్డులో ఇద్దరికీ ఒకే మార్కులు. ఆ కనిపించని తేడానే ఆయన సమీప వికాస మండలం అన్నారు. పాఠం అక్కడే చెప్పాలన్నారు.

ఈ ఇద్దరూ గట్టిగా విభేదించిన విషయం ఒకటుంది. పిల్లలు ఆడుతూ, బొమ్మలు గీస్తూ తమలో తాము మాట్లాడుకుంటారు. ఎదుటివాళ్ల కోణం ఇంకా పట్టుబడకపోవడం వల్ల అలా చేస్తారని పియాజే అన్నారు. వైగాట్‌స్కీ దగ్గర ఒక పిల్లాడు ట్రామ్ బొమ్మ గీస్తుంటే పెన్సిల్ ముక్కు విరిగింది. "విరిగిపోయింది" అని తనలో అనుకుని, రంగులు అందుకుని, ప్రమాదంలో దెబ్బతిన్న ట్రామ్ గీయడం మొదలుపెట్టాడు. నోటి మాటే చేతి పనికి దారి చూపింది. పనిలో అడ్డంకి వచ్చినప్పుడు ఈ సొంత మాటలు దాదాపు రెట్టింపయ్యాయి కూడా. లెక్క చేస్తూ గొణిగే పిల్లల్ని "నోరు మూసుకుని చెయ్యి" అని కసురుతాం కానీ, ఆలోచించడానికి వాళ్లకు అప్పటికి ఉన్న సాధనం అదే. బడి వయసు వచ్చాక ఆ మాటలు పైకి వినిపించడం తగ్గుతుంది, లోపలి ఆలోచనగా మారుతుంది. 1962లో పియాజే ఈ విషయంలో వైగాట్‌స్కీతో ఏకీభవిస్తున్నానని రాశారు.