నలగని చొక్కా, పోయిన పర్సు: అపోహలు – వాస్తవాలు

స్టేషన్ బయటో, ఆసుపత్రి గేటు దగ్గరో, పార్కింగ్‌లోనో ఒక పెద్దమనిషి ఆపుతాడు. ఇస్త్రీ చొక్కా, మెరిసే బూట్లు, భుజాన లాప్‌టాప్ బ్యాగు. పర్సు పోయిందంటాడు, ఇంటికి చేరడానికి కాస్త తక్కువైందంటాడు. ఇచ్చినవాళ్లు మోసపోయామేమోనని, ఇవ్వనివాళ్లు పాపం నిజమేమోనని తర్వాత మథనపడుతుంటారు. ఇద్దరూ చేసే పొరపాటు ఒకటే: ఎదుటి మనిషి నిజాయతీని తేల్చాలని చూడటం. నడిరోడ్డు మీద రెండు నిమిషాల్లో అది ఎవరివల్లా కాదు. ఆ కాసేపట్లో తేలేది అతని అవసరం మాత్రమే.

అపోహ: ఇంత మంచి బట్టలు వేసుకున్నవాడు మోసం చేస్తాడా?

వాస్తవం: ఈ పనికి బట్టలే పెట్టుబడి. 1849లో న్యూయార్క్‌లో విలియం థాంప్సన్ అనేవాడు దర్జాగా తయారై, దారినపోయేవాళ్లను తెలిసినవాడిలా పలకరించి, ‘రేపటిదాకా మీ గడియారం నా దగ్గర ఉంచేంత నమ్మకం ఉందా?’ అని అడిగేవాడు. ఇచ్చేవాళ్లు! ‘కాన్ఫిడెన్స్ మ్యాన్’ అన్న మాట వాడుకలోకి వచ్చింది అతను పట్టుబడ్డాకే. 1955లో అచ్చైన ఒక అమెరికా ప్రయోగంలో, సిగ్నల్ పడకుండానే రోడ్డు దాటిన మనిషి సూటులో ఉన్నప్పుడు, అతని వెంట దాటేసినవాళ్లు బాగా పెరిగారు. అదే మనిషి మాసిన బట్టల్లో దాటితే అంతమంది కదల్లేదు.

అలాగని మంచి బట్టలతో అడిగాడంటే మోసమేనని తీర్మానించడమూ తప్పే. జేబుదొంగలు వెతుక్కునేది కూడా అలాంటివాళ్లనే కదా.

అపోహ: గుచ్చి గుచ్చి అడిగితే నిజం బయటపడుతుంది.

వాస్తవం: తరచుగా తారుమారవుతుంది. రోజూ అదే కథ చెప్పేవాడికి జవాబులన్నీ కంఠతా. ఏ బస్సు, ఎన్నింటికి దిగాడు, ఫిర్యాదు ఎక్కడిచ్చాడు, తడుముకోకుండా చెప్పేస్తాడు. నీళ్లు నమిలేది నిజంగా పర్సు పోయినవాడే. ఎక్కడ పోయిందో తెలియదు, ఇంట్లోవాళ్ల నంబర్లు నోటికి రావు, అడిగేకొద్దీ కంగారు పెరుగుతుంది. పైగా ఐదు నిమిషాలు కథ విన్నాక కాదనడానికి మీకే నోరు రాదు.

ప్రశ్నలు మానేసి, అడిగిన అవసరాన్ని మీ చేత్తో తీర్చడానికి సిద్ధపడండి. టికెట్ కావాలన్నాడా? కౌంటర్ దాకా కలిసి నడిచి, మీరే కొనివ్వండి. పేరు రాసే టికెట్ అయితే అతని పేరు మీదే తీయించండి, మరొకరికి అమ్ముకోవడం కష్టమవుతుంది. మందులన్నాడా? చీటీ అడిగి, షాపులో మీరే కట్టి, బిల్లు మీ దగ్గరే ఉంచుకోండి. బిల్లు అతని చేతికిస్తే మందులు వెనక్కిచ్చి డబ్బు తీసుకునే వీలుంటుంది. ఆకలన్నాడా, తినడానికి కొనిపెట్టండి. పెట్రోలు అయిపోయిందంటే బంకు దగ్గర కలుస్తానని చెప్పండి, అతని కారు మాత్రం ఎక్కొద్దు. నిజంగా ఇరుక్కున్నవాడు మీకంటే ముందే కౌంటర్ వైపు నడుస్తాడు. మోసగాడికైతే అప్పటికప్పుడు అడ్డంకులు పుట్టుకొస్తాయి: కౌంటర్ మూసేశారు, మా ఆవిడ అవతల ఎదురుచూస్తోంది, టైం లేదు, మీకెందుకండీ శ్రమ, నగదు ఇచ్చేయండి చాలు.

విదేశీయుణ్ణని చెబితే రాయబార కార్యాలయం చిరునామా వెతికి చెప్పండి. తమ దేశస్థులకు సాయపడటం కాన్సులేట్ల విధుల్లో ఒకటని 1963 నాటి వియన్నా ఒప్పందంలోనే ఉంది.

అపోహ: బలవంతపెట్టలేదు, ‘ఇష్టమైతేనే ఇవ్వండి’ అన్నాడు. కాబట్టి మంచివాడే.

వాస్తవం: 2000లో అచ్చైన ఒక ఫ్రాన్స్ అధ్యయనంలో బస్సు చార్జీకి చిల్లర అడిగిస్తూ ఈ మాటనే పరీక్షించారు. మామూలుగా అడిగితే నూటికి 10 మంది ఇచ్చారు. ‘ఇవ్వడం, ఇవ్వకపోవడం మీ ఇష్టం’ అని చివర్న కలిపితే 47.5 శాతం ఇచ్చారు. గుండుగుత్తగా కాకుండా వింత మొత్తం అడగడం కూడా ఇలాంటి కిటుకే. 1994లో అచ్చైన ఒక అధ్యయనంలో పావు డాలర్ (25 సెంట్లు) అడిగినప్పటికంటే 17 సెంట్లో, 37 సెంట్లో అడిగినప్పుడు ఎక్కువమంది ఇచ్చారు. అంత కచ్చితంగా ఎందుకు అడుగుతున్నాడా అని మనసు ఒక్క క్షణం ఆగడమే అందుకు కారణమని పరిశోధకుల అంచనా. ఇలా అడిగినవాళ్లంతా మోసగాళ్లని కాదు. ఆ మర్యాదను సాక్ష్యంగా లెక్కేయొద్దనే.

అపోహ: ఫోన్ నంబర్ ఇచ్చాడు, ఉంగరం కూడా తాకట్టు పెడతానన్నాడు.

వాస్తవం: మీ ముందే మిస్డ్ కాల్ ఇచ్చినా తెలిసేది ఆ సిమ్ ఇప్పుడు పనిచేస్తోందని మాత్రమే. ఉంగరం మీద ముద్రను కూడా నమ్మొద్దు, ఇత్తడి మీదా కొట్టొచ్చు. ఘన సెంటీమీటరుకు మేలిమి బంగారం 19.3 గ్రాములు తూగితే ఇత్తడి ఎనిమిదిన్నర దగ్గరే ఉంటుంది. కానీ రోడ్డు మీద తక్కెడ ఉండదు, అరచేతి అంచనాకు అలవాటు కావాలి. తాకట్టు మాట ఎత్తగానే మాటలు ఆపేసి వెళ్లిపోండి.

అపోహ: నాకు ఫోన్లో డబ్బు పంపేశాడు, బదులుగా నగదు ఇస్తే ఏం పోయింది?

వాస్తవం: అతని తెర మీది పచ్చ టిక్కును ఉత్తుత్తి యాప్‌తో చూపించవచ్చు. మీ ఫోన్‌కు వచ్చిన మెసేజ్ కూడా అతను పంపిందే కావచ్చు. మీ బ్యాంకు యాప్ మీరే తెరిచి నిల్వ చూసుకోండి. డబ్బు రావడానికి పిన్ కొట్టమంటే అది మీ డబ్బు పోవడానికే.

ఒక కాల్ చేసుకుంటానంటే ఫోన్ చేతికివ్వొద్దు. నంబరు మీరే నొక్కి, స్పీకర్ పెట్టి, మీరే పట్టుకోండి. లాక్కుని పరుగెత్తడం ఒక్కటే ప్రమాదం కాదు. స్టార్ స్టార్ 21 స్టార్‌తో మొదలయ్యే కోడ్ కొడితే మీ కాల్స్ వేరే నంబర్‌కు మళ్లిపోవచ్చు, కాల్ ద్వారా వచ్చే ఓటీపీలతో సహా. పొరపాటున కొట్టేస్తే హ్యాష్ హ్యాష్ 002 హ్యాష్ డయల్ చేసి మళ్లింపులన్నీ రద్దు చేసుకోవచ్చు.

అపోహ: ఇవ్వకపోతే కారణం చెప్పాలి.

వాస్తవం: చిల్లర లేదంటే ఫోన్లో పంపమంటాడు, తొందర్లో ఉన్నానంటే పక్కనే నడుస్తాడు. ప్రతి సాకుకూ అతని దగ్గర జవాబుంటుంది. ‘ఇవ్వలేనండీ’ అని ఒక్కసారి చెప్పి, ఆగకుండా నడవండి. తిట్టొద్దు, వీడియో తీస్తూ నిలదీయొద్దు. అతని తోడుదొంగ పక్కనే ఉండొచ్చు.

ఇవ్వాలనిపిస్తే సుబ్బరంగా ఇవ్వండి. పోయినా పరవాలేదనుకున్నంత, విడిగా పెట్టుకున్న జేబులోంచి. అతని ముందు పర్సు తెరిస్తే ఎన్ని నోట్లున్నాయో కనిపిస్తుంది, అడిగే మొత్తం అక్కడే పెరుగుతుంది.

మోసమని తర్వాత తెలిస్తే, బ్యాంకు ద్వారా పంపిన డబ్బైతే ముందు బ్యాంకుకే ఫోన్ చేయండి, ఆలస్యమయ్యేకొద్దీ ఆపడం కష్టం. పోలీసులకు ఫిర్యాదు రాసేటప్పుడు చొక్కా రంగు దగ్గర ఆగిపోకండి, రేపటికి మారిపోయేది అదే. అతను చెప్పిన కథను, అడిగిన మొత్తాన్ని, మొదటి పలకరింపును అతని మాటల్లోనే రాయండి. వేరే ఫిర్యాదులతో సరిపోలేవి అవే.