సముద్రంలో ఒలికిన చమురు: కంటికి కనపడకపోతే పోయినట్టేనా?

తీరంలో నీళ్లు, మట్టి పరీక్షలు చేసే పని నాది. ఎక్కడ చమురు ఒలికినా కొన్నాళ్లకు అదే ప్రశ్న: "నీళ్లు తేటగానే ఉన్నాయి కదండీ, ఇంకా ఈ పరీక్షలెందుకు?"

అపోహ: నల్ల తెట్టు కనపడకపోతే చమురు పోయినట్టే.

వాస్తవం: కొంత ఆవిరవుతుంది, కొంత బ్యాక్టీరియా తినేస్తుంది. మిగతాదాంట్లో కొంత ఒడ్డులోకి ఇంకుతుంది. 1989 మార్చి 24న అమెరికాలోని అలాస్కాలో, ప్రిన్స్ విలియం సౌండ్ అనే సముద్రపు పాయలో ఎక్సాన్ వాల్డెజ్ ట్యాంకర్ రాతి దిబ్బకు గుద్దుకుని దాదాపు 37,000 టన్నుల ముడి చమురు ఒలికింది. 2001లో తవ్వి చూస్తే గులకరాళ్ల కింద అది ఇంకా జిడ్డుగానే ఉంది. అక్కడ ఆక్సిజన్ సరిగా అందదు, బ్యాక్టీరియా పని సాగదు. ఆ ఒడ్డునే తవ్వుకుని ఆలిచిప్పలు తినే సీ ఆటర్లు (సముద్రపు నీటిపిల్లులు) కోలుకోవడానికి రెండు దశాబ్దాలకు పైనే పట్టింది.

కొత్తగా చేరినవాళ్లకు నేను ముందు చూపించేది కూడా ఇదే. శుభ్రంగా కనిపించే ఒడ్డున మోకాలి లోతు గుంట తీయిస్తాను. అడుగున నీరు ఊరుతుంది, కాసేపటికి దానిమీద రంగురంగుల పొర విచ్చుకుంటుంది. ఒకసారి వలలు వేసే పెద్దాయన ఒకరు గుంట పక్కన కూర్చుని ఆ పొరను వేలితో తాకి చూశారు. "మరి అంతా క్లీన్ అయిపోయిందన్నారే బాబూ!" అన్నారు. నాకు బాధ కలిగించేది ఈ మాటే. క్లీన్ అని రాసేశాక పరీక్షలు ఆగిపోతాయి, పరిహారం లెక్కలు మూసేస్తారు. నష్టం ఆ తర్వాత బయటపడితే అది వేటకు వెళ్లేవాళ్ల నెత్తినే పడుతుంది.

అపోహ: ఎంత గట్టిగా కడిగితే అంత మంచిది.

కాదు. అలాస్కాలో వేడినీళ్లు ప్రెషర్‌తో కొట్టి కడిగిన చోట చమురు తట్టుకుని బతికిన నాచు, నత్తలు కూడా చచ్చిపోయాయి.

అపోహ: డిస్పర్సెంట్ అనే రసాయనం చల్లితే చమురు మాయం.

చిన్న బిందువులుగా విడిపోయి నీళ్లలో కలుస్తుంది, అంతే. 2010లో గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో చమురు ఒలికినప్పుడు దాదాపు 70 లక్షల లీటర్ల డిస్పర్సెంట్ వాడారు.

అపోహ: ఇక చేపలన్నీ విషమే.

వాట్సాప్‌లో ఇలాంటివి తిప్పేవాళ్లు దయచేసి ఆపండి. చమురు చేరని చోట పట్టిన చేపలు కూడా అమ్ముడుపోక కుళ్లిపోతాయి. పిల్లలకు పెట్టొచ్చా అని అడిగే తల్లుల టెన్షన్ మాత్రం న్యాయమైనదే. చమురులోని విష పదార్థాలను చేపల కాలేయం చాలావరకు మార్చి బయటికి పంపేస్తుంది. ఆలిచిప్పలకు ఆ శక్తి చాలా తక్కువ, వాటిలో పేరుకుపోతాయి. చమురు చేరిన తీరంలో పట్టిన చేపలను, చమురు వల్ల పెట్టిన వేట నిషేధం ఎత్తేశాకే కొనండి, అప్పుడు కూడా డీజిల్ వాసన వస్తే వండకండి. ఆలిచిప్పల విషయంలో వాసన లేదని ధైర్యపడొద్దు, పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆగండి.