పాదిరీ మీద బొమ్మ: 1881లో ఫ్రాన్స్ తేల్చిన తగవు

2023 జనవరిలో ఫ్రెంచి వ్యంగ్య పత్రిక ‘చార్లీ హెబ్డో’ ఇరాన్ మతనేత ఖమేనీపై కార్టూన్లు అచ్చువేసింది. దానికి నిరసనగా ఇరాన్ తమ దేశంలోని ఫ్రెంచి పరిశోధన సంస్థను మూసివేయగా, ఫ్రెంచి చట్టంలో దైవదూషణ అనే నేరమే లేదని పారిస్ గుర్తుచేసింది. ఇలాంటి వివాదం రేగినప్పుడల్లా, మతాన్ని వెక్కిరించే ఆ హక్కు 1789 విప్లవంతోనే వచ్చిందన్నట్టు మాట్లాడటం అలవాటైంది.

ఆ విప్లవకాలంలో వచ్చిన, రైతు వీపెక్కి కూర్చున్న పాదిరీ, ప్రభువుల బొమ్మ అందరూ ఎరిగినదే. లావుపాటి మతాధికారిని మరలో బిగించి బక్కచిక్కేదాకా పిండే బొమ్మలూ అప్పటివే. అయితే 1789 నవంబరులో చర్చి ఆస్తులను జాతిపరం చేసిన ప్రభుత్వానికి ఆ వెక్కిరింత అక్కరకొచ్చింది. ఏలినవారు మెచ్చే నవ్వుకు రక్షణ అవసరం లేదు.

అసలు పరీక్ష తర్వాత ఎదురైంది. 1819 చట్టం మతనైతికతను అవమానించడాన్ని నేరంగా ప్రకటించింది. సెన్సార్‌షిప్ ఇక ఎన్నటికీ ఉండదని 1830 రాజ్యాంగపత్రం మాట ఇచ్చినా, లూయీ ఫిలిప్ రాజును జనం సొమ్ము మింగే భారీకాయుడిగా గీసినందుకు చిత్రకారుడు డోమియే 1832లో జైలుపాలయ్యాడు. 1835 జూలైలో రాజుపై హత్యాయత్నం జరిగాక, సెప్టెంబరులో వచ్చిన చట్టం బొమ్మలకు ముందస్తు అనుమతి తప్పనిసరి చేసింది. రాజ్యాంగపత్రం కాపాడేది అభిప్రాయాన్నే గాని, కంటికి నేరుగా తగిలే బొమ్మ అభిప్రాయం కాదు, అదొక చర్య అని ప్రభుత్వం వాదించింది. రాతి అచ్చు పుణ్యమా అని చవగ్గా దొరికే ఆ బొమ్మలు చదువురానివారికి సైతం అర్థమయ్యేవి కాబట్టి, ఈ తర్కం వెనుక ఉన్న భయం తేలిగ్గానే ఊహించవచ్చు. ఆ అనుమతి నిబంధన 1848లో తొలగి, 1852లో తిరిగొచ్చి, 1870లో పోయి, మరుసటి ఏడాదే మళ్లీ వచ్చింది.

1881లో రిపబ్లికన్లు పత్రికా చట్టాన్ని చర్చకు తెచ్చినప్పుడు, మతావమానాన్ని నేరంగానే ఉంచాలని సభ్యుడిగా ఉన్న బిషప్ ఫ్రెపెల్ పట్టుబట్టాడు. దేవుడు తనను తాను కాపాడుకోగలడని, అందుకు ప్రతినిధుల సభ అక్కరలేదని రిపబ్లికన్ నాయకుడు క్లెమెన్సో బదులిచ్చాడు. జూలై 29 నాటి చట్టంలో ముందస్తు అనుమతీ లేదు, మతనైతికతను అవమానించే నేరమూ లేదు. నేటి వివాదానికి మూలం వెతకాల్సింది ఆ సభలోనే.

ఆ తర్వాత చిత్రకారుల చేతికి అడ్డు లేకపోయింది. ‘లా లాంటెర్న్’ పత్రిక కోసం ఓజె గీసిన గోడపత్రికలో, మోంమార్త్ర్ కొండమీది సాక్రే కర్ చర్చిని నల్లటి అంగీ వేసుకున్న భారీ పాదిరీ గోళ్ల చేతులతో ఒడిసిపట్టుకుని ఉంటాడు. 1905లో చర్చినీ ప్రభుత్వాన్నీ వేరుచేసిన ఏడాదే ‘లే కోర్బో’ (కాకులు) అనే పత్రిక ఫ్రాన్స్‌లో మొదలైంది. నల్ల దుస్తుల పాదిరీలకు జనం పెట్టిన ఎగతాళి పేరు అది.

1871 నుంచి 1918 దాకా జర్మనీ ఏలుబడిలో ఉన్న అల్సాస్, మొసెల్ ప్రాంతాలకు మాత్రం ఈ చరిత్ర పూర్తిగా వర్తించదు. జర్మన్ శిక్షాస్మృతి నుంచి మిగిలిన దైవదూషణ నిబంధన అక్కడ 2017 జనవరిలో గాని రద్దు కాలేదు. అక్కడి పాదిరీలకు జీతం నేటికీ ప్రభుత్వ ఖజానా నుంచే అందుతోంది.